వేడెక్కితే మూగబోయేదాన్ని

నేను ఒక కారులో చాలా కాలం ఉన్నానన్న సంగతి ఆ కారు నడిపినవాళ్లకే తెలియదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. బానెట్ ఎత్తగానే కంటపడే వస్తువుని కాను. ఇంజిను వెనకవైపు, గొట్టాల చాటున, ఒక్క బోల్టు ఆధారంగా ఉంటాను. బొటనవేలి కంటే కాస్త పొడుగు. నల్లని ప్లాస్టిక్ ఒళ్లు, లోపల చిన్న అయస్కాంతం, తలవెంట్రుకల్లాంటి తీగలు, వెనక మూడు వైర్లు వచ్చి తగులుకునే తోక. మెకానిక్కులు నన్ను క్యామ్ సెన్సరు అంటారు.

ఇంజినులో గాలినీ పెట్రోలునూ లోపలికి పిలిచే తలుపులు కొన్ని, పొగను బయటికి పంపే తలుపులు కొన్ని ఉంటాయి. వాటిని వేళకు తెరిచి మూసే ఇనప కడ్డీ పేరు క్యామ్‌షాఫ్టు. దాని కొసన పళ్లున్న చక్రం ఒకటి తిరుగుతుంది. ఆ చక్రానికి ఎదురుగా, తగిలీ తగలనంత దూరంలో నన్ను బిగిస్తారు. ఏ పన్ను ఎప్పుడు నా ముందు నుంచి పోయిందో చూసి కారులోని కంప్యూటరుకు చెప్పాలి. నా మాట విని అది ఏ సిలిండరుకు పెట్రోలు పంపాలో, ఎక్కడ నిప్పు రాజేయాలో తేల్చుకుంటుంది. నాకు వచ్చిన మాట ఒకటే: ఇప్పుడు. మళ్లీ, ఇప్పుడు. నిన్నటి గురించి గానీ రేపటి గురించి గానీ నన్నెవరూ అడగలేదు.

ఒక పెద్ద ఊరి శివార్లలో ఉన్న ఫ్యాక్టరీలో పుట్టాను. తెల్ల టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు మమ్మల్ని వరసగా తయారుచేస్తూ, హాస్టల్లో పెట్టే సాంబారు గురించి మాట్లాడుకునేవారు. నా లోపల తీగ అతికించిన అమ్మాయికి ఆ రోజు జలుబు. తుమ్మినప్పుడు చేయి కదిలిందో లేదో నాకు తెలియదు. పరీక్షలో నెగ్గాను. తర్వాత జరిగినదానికి ఆ అమ్మాయిని తలుచుకోవడం న్యాయం కాదు. ఏ అతుకునైనా విడదీయడానికి ఏళ్ల తరబడి వేడి చాలు.

మొదట నన్ను ఏలుకున్నది భీమవరం వైపు రొయ్యల చెరువులున్న ఒక రాజుగారు. నేను మనుషుల ముఖాలు చూసేదాన్ని కాదు. ఇంజినుకూ వాళ్లకూ మధ్య రేకు గోడ ఉంది. మాటలు ఆ గోడ దాటి వచ్చేవి. మిగతాదంతా పాదాన్ని బట్టి తెలుసుకునేదాన్ని. రాజుగారి పాదం బరువైనది. చెరువు గట్టు మీద కూడా హైవే మీద వెళ్లినట్టే వెళ్లేవారు. నా ముందు చక్రం గిర్రున తిరిగేది. ఒకనాడు ఆయన తోడల్లుడు పెద్ద కారు కొన్నాడు. వారం తిరక్కుండానే మా బండి ఇరుకనిపించింది. మనుషులు ఒక వస్తువును వదిలించుకోవడానికి కారణం ఆ వస్తువులోనే వెతుకుతారు. చాలాసార్లు అది చుట్టాలింటి వాకిట్లో ఉంటుంది.

అలా తణుకు చేరాను. కొన్నది హైమవతి. ఆమె అంగన్‌వాడీ సూపర్‌వైజరు. కాలవ గట్ల వెంట ఉన్న ఊళ్లలో చిన్నపిల్లల కేంద్రాలు చూసి రావడం ఆమె ఉద్యోగం. బస్సులకూ ఆటోలకూ ఎదురుచూసి విసిగి, నడివయసులో డ్రైవింగు నేర్చుకుంది. మొదట్లో బండి ఆగిపోతే బండికే క్షమాపణ చెప్పేది. చెప్పులు విప్పి పక్కన పెట్టి నడిపేది. యాక్సిలరేటరు మీద పాదం వేసేది కాదు, ఆనించేది. చక్రం నా ముందు తొందర లేకుండా తిరిగేది. రాజుగారి దగ్గర నేను అరిచి అరిచి చెప్పిన మాటనే ఇక్కడ మామూలు గొంతుతో చెప్పడం నేర్చుకున్నాను.

ఆమె భర్త త్రినాథం ఇరిగేషన్ ఆఫీసులో కాలవల పటాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్. బాగా పొడుగు మనిషని ఆమె వేళాకోళాల వల్ల తెలిసింది. ఆయనకు నడపడం రాదు. నేర్చుకోవాలనీ అనుకోలేదు. ఆదివారాలు పక్క సీటులో కూచుని, ఆమె చూసే రోడ్డునే తానూ చూస్తూ, ముందు గేదె ఉందనో గొయ్యి ఉందనో చెప్పేవాడు.

“నాకూ కళ్లున్నాయండీ,” అనేది ఆమె.

“ఉన్నాయిలే. నావి ఖాళీగా ఉన్నాయి కదా అని.”

వాళ్లకు పిల్లలు లేరు. ఆ మాట బండిలో ఎప్పుడూ రాలేదు. దారిలో చూసిన కేంద్రాల్లో పిల్లల పేర్లు మాత్రం చాలా వచ్చేవి.

ఒక ఏడు ఎండలు తగ్గే వేళకు హైమవతికి జ్వరం వచ్చింది. నడిపే ఓపిక లేక ఆస్పత్రికి ఆటోలో వెళ్లింది. కొన్ని రోజులకు వాకిట్లో చాలా అడుగులు, చాలా గొంతులు వినిపించాయి. తర్వాత ఏవీ వినిపించలేదు. బండి మీద టార్పాలిన్ కప్పారు. వర్షాలు మొదలై దాని మీద చినుకులు పడుతుంటే, లోపల చక్రం ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. ఒకటే పన్ను నా ఎదుట, రోజుల తరబడి. చెప్పడానికి ఏమీ లేనప్పుడు నా వంటిదానికి కాలం ఎలా గడుస్తుందో మీకు వివరించలేను.

తర్వాత ఒక ఉదయం టార్పాలిన్ తీశారు. తలుపు తెరుచుకుంది. తాళం తిరిగింది. కొత్త పాదం. త్రినాథం ఎవరికీ చెప్పకుండా డ్రైవింగు స్కూల్లో చేరి నేర్చుకున్నాడట. రోజూ ఆఫీసు నుంచి వచ్చాక, ఆమె తిరిగిన దారుల్లోనే ఏదో ఒక ఊరిదాకా వెళ్లి, కేంద్రం ముందు ఒక నిమిషం ఆపి, వెనక్కి వచ్చేవాడు. దిగేవాడు కాదు. ఆయన పాదం యాక్సిలరేటరు మీద సగం దిగి ఆగేది, మోకాలికి ఏదో అడ్డుపడినట్టు. కొత్త కదా, అదే కుదురుకుంటుంది అనుకున్నాను.

దసరా వచ్చింది. మనిషి పోయిన ఏడాది లోపల ఇంట్లో పండగ చేయకూడదు. ఆ ఇంట్లో గడపకు పసుపు కూడా రాయలేదు. కానీ హైమవతి ఉన్నన్నాళ్లూ దసరాకు బండికి పూజ తప్పలేదు. ఆ తెల్లవారి త్రినాథం గేటు మూసి, గంధం గిన్నె, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకుని వచ్చాడు. ఆమె స్టీరింగుకూ బానెట్‌కూ బొట్టు పెట్టి ఊరుకునేది. ఆయనకు అది గుర్తులేదు. బానెట్ ఎత్తి, ముఖ్యమైనవిగా తోచినవాటికన్నిటికీ పెట్టాడు. బ్యాటరీకి పెట్టాడు, రేడియేటరుకు పెట్టాడు, అద్దం తుడిచే నీళ్ల సీసాకూ పెట్టాడు. చివరికి వంగి, గొట్టాల మధ్య చేయి దూర్చి, నాకూ పెట్టాడు. ఎవరైనా నన్ను పూజించారంటే ఆ ఒక్కసారే. ఏం చేసే వస్తువునో తెలియకుండానే చేశాడు. దేవుళ్లకు కూడా అలాగే జరుగుతుందేమో.

కాయ రాతి మీద కొట్టి, నీళ్లు చిప్పలో పట్టి తెచ్చి ఇంజిను మీద చిలకరించాడు. కొన్ని చుక్కలు నా తోక మొదట్లోకి ఇంకాయి. తాళం తిప్పగానే బండి పలికింది. ఆయన చాలాసేపు దాన్ని ఆపలేదు.

నాకు మాట పడిపోవడం ఆ పండగ తర్వాతే మొదలైంది. బండి చాలా దూరం పోయి ఇంజిను బాగా కాగినప్పుడు, నా లోపలి అతుకు ఒకటి విడిపోయేది. చక్రం తిరుగుతూనే ఉండేది. నాకు కనిపిస్తూనే ఉండేది. చెప్పబోతే గొంతు లేదు. నా మాట రాక కంప్యూటరు పెట్రోలు ఆపేసేది. బండి నడిరోడ్డు మీద నిలిచిపోయేది. కాసేపటికి చల్లారితే అతుకు మళ్లీ కలిసేది. ఏమీ జరగనట్టే బండి బయల్దేరేది. జబ్బు కంటే అదే ఎక్కువ ఇబ్బంది. చూపించడానికి వెళ్లేసరికి రోగం ఉండదు.

మొదటిసారి వేల్పూరు రోడ్డులో ఆగింది. నలుగురు పోగయ్యారు. పెట్రోలు కల్తీ అన్నాడొకడు. బ్యాటరీ అన్నాడింకొకడు. సోడా బండి అతను తీరిగ్గా వచ్చి చూసి, “ఆడమనిషి చేతికి అలవాటైన బండండి ఇది. మగోడికి లొంగదు,” అన్నాడు. అందరూ నవ్వారు. త్రినాథం కూడా నవ్వినట్టే ఉంది. తర్వాత ఇంటిదాకా చాలా నెమ్మదిగా నడిపాడు.

ఆయన అక్క సుభద్ర పక్కవీధిలో ఉంటుంది. తమ్ముడికి రోజూ కూర పంపే మనిషి. బండి ఆగిన సంగతీ, పండగనాడు వాకిట్లో కొబ్బరికాయ కొట్టిన సంగతీ ఆమెకు ఒకే రోజు తెలిశాయి. రెంటినీ కలిపి చూడటం ఆమెకు కష్టం కాలేదు. ఏడాది తిరక్కుండా పూజేవిట్రా, పోయినవాళ్ల వస్తువు అలా పట్టుకు వేలాడకూడదు అంది. ఎక్కడో లారీ ముందు ఆగిపోతే తనకింకెవరున్నారని ఏడ్చింది. చివరికి ఒక మాట తీసుకుంది: బాగుచేయించాక ఇంకొక్కసారి ఆగితే, బండి అమ్మేయాలి. త్రినాథం సరేనన్నాడు. ఆ ‘సరే’ నాకు రేకు గోడ అవతల నుంచి వినిపించింది. ఆ బండి తప్ప హైమవతి పెట్టినచోట పెట్టినట్టే ఉన్న వస్తువు ఆయనకు ఇంకేదీ మిగల్లేదని అప్పటికి నాకు తెలియదు. బీరువా, బట్టలు, వంటిల్లు, అన్నీ సుభద్రే సర్దేసింది, మంచి ఉద్దేశంతోనే.

హైవే పక్కన మెకానిక్ ఏసుపాదం షెడ్డుకు వెళ్లాం. ఏసుపాదం భారీ మనిషి. ఆయన వంగితే ఇంజిను మీద మబ్బు పట్టినట్టుండేది. బానెట్ ఎత్తి, ఎండిపోయిన గంధం చుక్కలు ఒక్కొక్కటీ చూశాడు.

“ఇదేటండి సార్, ఇంజినా గుడా?”

“దసరాకి పెట్టాను,” అన్నాడు త్రినాథం.

“పెట్టారు, బానే ఉంది. వైపర్ నీళ్లకి కూడా పెట్టారే. దానికింత గౌరవం ఎవరిచ్చుంటారండి.”

చర్చికి వెళ్లే మనిషి ఆయన. అయినా బొట్లు చెరిపేయకుండా, వాటి పక్కనుంచి చేతులు పోనిచ్చి పనిచేశాడు. చిన్న స్కానరు తగిలిస్తే దాని తెర మీద నా పేరు వచ్చింది. అంటే ఈ సెన్సరు పోయినట్టేనా అని త్రినాథం అడిగాడు. అలా అనుకోకూడదని ఏసుపాదం చెప్పాడు. “ఇది వీధి పేరు చెప్తాదండి. ఇంటి నంబరు చెప్పదు. సెన్సరు అవ్వచ్చు, వైరవ్వచ్చు, మజ్జెలో కప్లరవ్వచ్చు.”

నా తోకకు తగిలించిన కప్లరు ఊడదీసి వెలుతురులో చూశాడు. లోపల పిన్నుల మీద తెల్లగా, జిగటగా ఏదో ఎండి ఉంది. వాసన చూశాడు. అంతే, కేసు తేలిపోయిందన్నాడు. కొబ్బరినీళ్లు.

త్రినాథం గొంతు చాలా చిన్నదైపోయింది. “అయితే నా పూజ వల్లేనా?”

“పూజ వల్ల కాదండి బాబూ. కొబ్బరినీళ్ల వల్ల.”

పిన్నులు శుభ్రంగా తుడిచి, మళ్లీ తగిలించి, స్కానరులో నా పేరు చెరిపేశాడు. బండి హాయిగా పలికింది. ఏసుపాదం తొందరపడ్డాడు. కళ్లెదుట దొంగలాంటివాడు కనిపిస్తే అసలు దొంగ కోసం ఎవరు వెతుకుతారు? లోపలున్నది నేను. నా సంగతి నాకు తెలుసు. చెప్పడానికి నాకున్నది ఒకటే మాట, అదీ చక్రం గురించే.

తర్వాత కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒక మధ్యాహ్నం సుభద్రను ఆమె ఆడపడుచు ఇంటినుంచి తీసుకొస్తుండగా, ఎండ మండిపోతుంటే, రైలు గేటు పట్టాలు దాటిన వెంటనే నాకు గొంతు పోయింది. బండి నిలిచిపోయింది. వెనక గేటు పడుతున్న గంట. జనం తోసి పక్కకు పెట్టారు.  రైలు పోయాక సుభద్ర మెల్లగా అంది, “శుక్రవారం సాయంత్రం బండి చూట్టానికి మనుషుల్ని పిలుస్తున్నానురా నాథూ. నువ్వు మాటిచ్చావు.”

ఆయన తాళం తిప్పాడు. ఈసారి బండి అందుకుంది.

శుక్రవారం పొద్దున్నే సెలవు పెట్టి మళ్లీ షెడ్డుకు వచ్చాడు. ఎందుకు వచ్చాడో ఆయనకే తెలుసు. అమ్మేసే బండికి వైద్యం ఎవరు చేయిస్తారు? ఏసుపాదం మొదట తన తొందరపాటుకు నొచ్చుకున్నాడు. తర్వాత, ఇది వేడి మీదే వచ్చే జబ్బు, బండిని హైవే మీద గట్టిగా పరుగెత్తించి పట్టుకోవాలి, తాళాలిచ్చి సాయంత్రం రండి అన్నాడు. త్రినాథం తాళాలివ్వనన్నాడు. తానే నడుపుతానన్నాడు. ఏసుపాదం పక్క సీటులో కూచున్నాడు. ఆ మనిషి బరువుకు బండి ఒక వైపు ఒరిగింది. బయల్దేరాం.

ఎంత చెప్పినా త్రినాథం పాదం సగం కంటే దిగలేదు. ఆ నడకకు నేను కాగనే లేదు. కొంత దూరం పోయాక ఏసుపాదం గొంతు వినిపించింది.

“సార్, ఏమనుకోకండి. అదేం కూచోడం అండి? మోకాళ్లు స్టీరింగుని తన్నుకుంటన్నాయి. సీటు కింద రాడ్డుంటాది. లాగితే ఎనక్కి జరుగుద్ది.”

“తెలుసు.”

“మరి?”

బండి ఇంకొంచెం నెమ్మదించింది. “అది హైమ సరిపెట్టుకున్న సీటండి,” అన్నాడు త్రినాథం. “తను పోయాక అందులో ఇంకెవరూ కూచోలేదు. నేను కూచున్నా జరపలేదు.”

అప్పుడు తెలిసింది నాకు, ఆ పాదం సగంలో ఎందుకు ఆగుతోందో. ఎన్నో నెలలుగా ఆ పొడుగు మనిషి, పొట్టి మనిషి వదిలి వెళ్లిన చోట ముడుచుకుని కూచున్నాడు.

ఏసుపాదం మళ్లీ ఆ మాట ఎత్తలేదు. షెడ్డుకు తిరిగి వచ్చాక, రోడ్డు అక్కర్లేదు, ఇక్కడే చూద్దాం అన్నాడు. మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డు పొయ్యిలా ఉంది. త్రినాథం చేత బండిని లోపల నిలిపించి, ఇంజిను ఆపనివ్వకుండా, బయటినుంచే చేత్తో యాక్సిలరేటరు కేబులు లాగి రేజ్ చేయడం మొదలుపెట్టాడు. చక్రం నా ముందు రాజుగారి రోజుల్లోలా గిర్రున తిరిగింది. నేను కాగాను. అతుకు విడిపోయింది. ఇంజిను ఆగింది.

ఏసుపాదం పక్క తలుపు తెరిచి, పక్క సీటులోకి మోకాలు పెట్టి ఎక్కి, ఆ పొట్టతో గేరు రాడ్డు మీదుగా ఒరిగి, చేయి చాచి తాళం తిప్పాడు. ఇంజిను తిరిగింది, అంటుకోలేదు. మూలుగుతూ వెనక్కి దిగాడు. కప్లరు దగ్గర వైర్లు ఒక్కొక్కటీ కదిపాడు. మళ్లీ వెళ్లి ఒరిగి తిప్పాడు. అంటుకోలేదు. చొక్కా చెమటకు తడిసిపోయింది. డ్రైవరు తలుపు ఆయనకు జానెడు దూరంలో ఉంది. అది తెరిచి ఆ సీటు అంచున కూచుంటే పని. కూచోలేదు. ఎందుకు కూచోవట్లేదో చెప్పనూ లేదు. ఒకసారి మాత్రం, పొట్ట హ్యాండ్ బ్రేకు మీద ఇరుక్కుంటే, “మా ఆవిడ అన్నం తగ్గించమంటానే ఉందండి,” అన్నాడు.

త్రినాథం నిలబడి చూస్తూ ఉన్నాడు.

చివరికి ఏసుపాదం బకెట్లో గుడ్డ ముంచి, పిండి, సరిగ్గా నా మీద వేసి పట్టుకున్నాడు. నా ఒంట్లో వేడి ఆ చల్లదనంలోకి దిగిపోయింది. అతుకు కలిసింది. ఆయన మళ్లీ ఒరిగి తాళం తిప్పగానే ఇంజిను అందుకుంది. ఇంకోసారి ఆగిపోయేదాకా కాగబెట్టాడు. ఈసారి తడిగుడ్డ వైర్ల మీద వేసి చూశాడు, అంటుకోలేదు. నా మీద వేశాడు, అంటుకుంది.

“ఇదేనండి సార్. వైరు కాదు, నీళ్లు కాదు. ఈ సెన్సరు లోపలే పోయింది. మీ పూజకీ దీనికీ ఏ సంబంధమూ లేదండి. నేనే అనవసరంగా ఆ కొబ్బరికాయని ఆడిపోసుకున్నాను.”



నా బోల్టు ఊడింది. ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి వెలుతురులోకి వచ్చాను. నా చోట కొత్తదాన్ని బిగించారు. పాత సామాను యజమాని చేతికివ్వడం ఆ షెడ్డు మర్యాద. ఏసుపాదం నన్ను తుడిచి త్రినాథం అరచేతిలో పెట్టాడు. నా ఒంటి మీద కుంకుమ మరక కొంచెం మిగిలే ఉంది. అలా ఆయన ముఖం చూశాను. గొంతును బట్టి నేను ఊహించుకున్నదాని కంటే వయసు ఎక్కువ.

ఇక రోడ్డు మీద ఒకసారి గట్టిగా పోనిచ్చి చూడాలి, లేకపోతే నాకు నమ్మకం కుదరదు అన్నాడు ఏసుపాదం. మీరే నడపండి సార్, భయపడకుండా తొక్కండి, నేను పక్కన ఉంటాను అని, పక్క తలుపు వైపు నడిచాడు.

“ఆగండి ఏసుపాదం గారూ,” అన్నాడు త్రినాథం.

డ్రైవరు తలుపు తెరిచాడు. నేనున్న చేతిని సీటు మీద ఆనించి, వంగి, రెండో చేత్తో కింద రాడ్డు వెతికి పట్టుకున్నాడు. లాగితే రాలేదు. చాలా కాలంగా కదలని సీటు. పట్టాల్లో మన్ను పేరుకుంది. ఏసుపాదం కంగారుగా దగ్గరికి వచ్చాడు.

“వద్దండి. నాకోసం వద్దండి బాబూ, మీరే నడుపుదురుగాని.”

త్రినాథం ఇంకోసారి బలంగా లాగి, భుజంతో తోశాడు. సీటు ఒక్క కుదుపుతో వెనక్కి జారిపోయింది. ఆయన వంగినవాడు వంగినట్టే కొంచెంసేపు ఉండిపోయాడు. ఆయన గుప్పిట్లో నేను నలిగిపోతానేమో అనిపించింది. తర్వాత లేచి, “కూచోండి,” అన్నాడు. “మధ్యాహ్నం నుంచీ మీరు పడ్డ పాట్లు చూశాను.”

త్రినాథం బండి చుట్టూ తిరిగి వచ్చి పక్క సీటులో కూచున్నాడు. చాలా నెలల తర్వాత తన చోట తాను కూచున్నాడు. ఏసుపాదం హైవే మీద బండిని పరుగెత్తించాడు. గోడకు ఇవతల నుంచి బండి ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియదు. ఎంత కాగినా ఇంజిను ఆగలేదు. దారిలో ఒకచోట త్రినాథం తనకు తెలియకుండానే, “ముందు గేదె,” అన్నాడు. “చూశానండి,” అన్నాడు ఏసుపాదం. 

షెడ్డుకు వచ్చి దిగాక ఏసుపాదం సీటు వైపు చూస్తూ, ఎక్కడుండేదో అక్కడికే జరిపేస్తాను చెప్పండి సార్ అన్నాడు. త్రినాథం చెప్పలేకపోయాడు. సీటు ఎక్కడుండేదో ఆయన మోకాళ్లకు తెలుసు గానీ, కొలిచి చెప్పే గుర్తేదీ పెట్టుకోలేదు. కాలవల వంపులు దారం వాసి తేడా రాకుండా గీసే మనిషి. ఏసుపాదం ముఖం చిన్నబోయింది. “పర్లేదండి,” అని త్రినాథం ఎక్కి కూచుని, నన్ను గేరు రాడ్డు ముందున్న చిన్న గుంటలో వేశాడు. కాళ్లు చాపాడు. పాదం పెడలు మీద పూర్తిగా ఆనింది. నాకు ఇంజినులోంచి తెలియాల్సిన సంగతి అది. ఇప్పుడు పక్కనుంచి చూశాను.

ఇంటికి వచ్చేసరికి సుభద్ర వాకిట్లో నిలబడి ఉంది. బండి చూడ్డానికి వచ్చిన భార్యాభర్తలు అరుగు మీద కాఫీ తాగుతున్నారు. ఇంత ఆలస్యమేవిట్రా అని కోప్పడటానికి ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. లోపలికి వంగింది. తమ్ముడి మోకాళ్ల వైపు చూసింది. వెనక్కి జరిగిన సీటు వైపు చూసింది. బండి బాగైందనీ, దేనివల్ల ఆగిందనీ త్రినాథం చెప్పాడు. పూజ వల్ల కాదట అన్నది మాత్రం రెండుసార్లు చెప్పాడు. మాట ప్రకారం ఇచ్చేయమంటే ఇచ్చేస్తానక్కా అన్నాడు.

సుభద్ర అరుగు దగ్గరికి వెళ్లి, వచ్చినవాళ్లతో అంది, “ఏమనుకోకండమ్మా, బండి ఇవ్వట్లేదు. మా తమ్ముడు తిరుగుతున్నాడు.” వాళ్లు కాఫీ గ్లాసులు దింపి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని వెళ్లిపోయారు.

నేను ఆ గుంటలోనే ఉండిపోయాను. ఎండకు నా ప్లాస్టిక్ కొంచెం పాలిపోయింది. ఇంజినులో కొత్తది తన పని తాను చేసుకుంటోంది. నేను చెప్పిన ఒక్క మాటనే చెబుతోంది, నాకంటే స్పష్టంగా. దానికి త్రినాథం పాదం ఒక్కటే తెలుసు. ఇప్పుడాయన కేంద్రాల ముందు ఆగినప్పుడు అప్పుడప్పుడు దిగుతున్నాడు. బండిలో నన్ను వదిలి వెళ్తాడు. అద్దాలు ఎక్కించి ఉంటాయి. బయట పిల్లల గోల సన్నగా వినిపిస్తుంది.

మొన్న సుభద్ర బండి ఎక్కి, చీర కొంగుతో ముందంతా దులుపుతూ నన్ను వేళ్లతో పైకి తీసింది.

“ఇదేవిట్రా? దేనికి పనికొస్తుంది?”

“దేనికీ పనికిరాదక్కా,” అన్నాడు త్రినాథం, తాళం తిప్పుతూ. “ఉండనీ.”

ఆమె నన్ను మళ్లీ గుంటలో పెట్టింది. బండి కదిలింది.